ఆపిల్ చెట్టు మొదలు ఎక్కడ?

శవాన్ని నిన్ననే తీసుకెళ్ళారు. రాళ్ళ కింద దొరికిన అల్లిక సూది మాత్రం బుధవారం పొద్దున్న పది నలభైకి సార్జెంట్ ఎమ్రిస్ ప్రోథరో చేతికి వచ్చింది, చిన్న ప్లాస్టిక్ సంచిలో.

మామూలు ఇనప సూది. ఉన్ని అల్లుకునేది. కాని దాని మొనకి పసుప్పచ్చటి ముద్దొకటి అంటుకుని ఉంది, గట్టిపడిన నురుగులాగా.

మే నెలలో నాంట్‌హెలిగ్ ఊళ్ళో తెల్లవారేది ఐదు దాటగానే. గోడ కూలింది మంగళవారం ఆరూ నలభైకి. పక్కింటి పాలవాడు ఓవెన్ ఆ చప్పుడు విని గడియారం చూశాడు కాబట్టి ఆ సంగతిలో తేడా లేదు. తేడా వేరే చోట ఉంది. డెబ్బై తొమ్మిదేళ్ళ నెస్టా పార్రీ, జోరు వానలో, ఇంట్లో వేసుకునే చెప్పులతో, తన తోట చివర అడ్డుగోడ దగ్గర అల్లిక సూదితో ఏం చేస్తున్నట్టు?

"స్వెట్టరు అల్లుకుంటోందేమో," అన్నాడు ఇన్‌స్పెక్టర్ వాన్.

కార్డిఫ్ పెద్దాఫీసు నుంచి నిన్న సాయంత్రం దిగాడు వాన్. బూట్లకి బురద అంటకుండా రాతిపలక మీద నిలబడ్డాడు. "మూడు రోజుల వాన. నూటపాతికేళ్ళ గోడ. కింద ముసలామె. దీనికి డిటెక్టివు ఎందుకయ్యా ప్రోథరో? రెండింటికి పొక్లెయిన్ వస్తోంది. రాళ్ళు ఎత్తేస్తారు. ఈలోగా నీ సరదా తీర్చుకో."

"రాళ్ళతోపాటు ఆనవాళ్ళు కూడా పోతాయి సార్."

"దేనికి ఆనవాళ్ళు? వానకా?"

ఎమ్రిస్ సంచిలోని సూదిని తిప్పి చూశాడు. అతన్ని తొలుస్తున్నది ఇన్‌స్పెక్టర్ ఎగతాళి కాదు.

ఆ ఊళ్ళో ఇంటిపేర్లు పట్టుమని పది లేవు. మారుపేరు లేనిదే ఉత్తరం కూడా సరైన గడపకి చేరదు. అందుకే పాల ఓవెన్, సిమెంటు హెఫిన్. ఒకసారి పేరు పడిందంటే సమాధి రాయి దాకా వదలదు. నెస్టాకి ఉన్న పేరు మట్టి నెస్టా. రెండేళ్ళ క్రితం ఆవిడ జాము సీసాలో మట్టి పోసుకుని స్టేషన్‌కి వచ్చింది. పై ఇంట్లో కొత్త గది కట్టుకుంటున్న హెఫిన్ మాడొక్ లారీలతో మట్టి దించి పెరటిని ఎత్తు చేస్తున్నాడనీ, ఆ బరువంతా మధ్యనున్న అడ్డుగోడ మీద పడుతోందనీ చెప్పింది. "ఎవరైనా మట్టి ఎత్తుకుపోతే రా అత్తా, కేసు కడతా. తెచ్చి పోస్తే ఏ సెక్షన్ పెట్టను?" అన్నాడు బల్ల వెనక కూర్చున్న సార్జెంట్. స్టేషనంతా గొల్లుమంది. ఆ సాయంత్రం రగ్బీ క్లబ్బులో అదే కథ బీరు గ్లాసు పట్టుకుని మళ్ళీ చెప్పాడు, అక్కడ పేరు పెట్టాడు కూడా. తెల్లారేసరికి ఊరంతా పాకింది.

ఆ సార్జెంట్ ఎమ్రిసే.

*

హెఫిన్ పెరటి మట్టిని ఆపే ఆ అడ్డుగోడ ఎత్తు రెండున్నర మీటర్లు. నాలుగు మీటర్ల పొడవున కూలి నెస్టా బీన్సు పాదుల మీద పరుచుకుంది. రెండు పక్కలా ఇంకా నిలబడే ఉంది. నిలబడిన ముక్కలో వరసగా ఆరు కన్నాలు. వెనక మట్టిలో చేరిన నీరు బయటికి కారడానికి పాత తాపీమేస్త్రీలు వదిలినవి.

ఆరింటిలోనూ పసుప్పచ్చటి ఫోమ్ నొక్కి ఉంది. కిటికీ సందులు మూయడానికి డబ్బాల్లో అమ్ముతారే, అది. ఆరో కన్నంలో ఫోమ్ నిండా సూది గుచ్చిన గుంటలు, పాతిక దాకా.

ఎమ్రిస్ మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. స్వెట్టరు కాదు. ముసలామె కన్నాలు పొడిచి తెరవాలని చూసింది. గోడ ఉబ్బుతోందని ఆవిడకి తెలుసు. చెప్పినా ఎవరూ రారనీ తెలుసు. అందుకని చేతికందిన సూది పట్టుకుని తనే వచ్చింది.

"సార్జెంట్ గారూ, ఇది చూశారా?"

పిలిచింది సియన్ ట్యూడర్, కౌన్సిల్‌లో ఇళ్ళ ప్లాన్లు చూసే అమ్మాయి. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు. గోడ మీద కన్నాల కింద ఎర్రటి బురద చారలు చూపించింది. ఫోమ్ ముద్ద ఉబ్బి కన్నం అంచు దాటి ఆ చార మీద కూర్చుంది.

"చార కింద, ఫోమ్ పైన," అన్నాడు ఎమ్రిస్. "అంటే నీళ్ళు కారడం మొదలయ్యాకే మూశారు. శనివారం మధ్యాహ్నం పన్నెండుకి వాన మొదలైంది. అంతకుముందు పద్దెనిమిది రోజులు చినుకు లేదు."

"ఎండ తగిలితే ఈ ఫోమ్ గోధుమరంగుకి తిరుగుతుంది. ఇది ఇంకా పసుప్పచ్చగానే ఉంది. నాలుగైదు రోజులకి మించదు."

"ఇవాళ తనిఖీకి నువ్వు వస్తావని హెఫిన్‌కి ఎప్పుడు తెలిసింది?"

"గురువారం నోటీసు పంపాం." సియన్ తల దించుకుంది. "నెస్టా గారు మాకు పదకొండు ఉత్తరాలు రాశారండీ. ఫైలు అట్ట మీద మావాళ్ళెవరో పెన్సిల్‌తో 'మట్టి నెస్టా' అని రాసి పక్కన పెట్టేశారు. ఆ పేరు ఎవరు పెట్టారో గాని, అది చూశాక ఎవరూ లోపల చదవలేదు."

ఎమ్రిస్ చెవులు కాలిపోయాయి. "కొత్త గదికి రూలేమిటో చెప్పు," అన్నాడు గోడ వైపు తిరిగి.

"ఇంటి వెనక ఒంటి అంతస్తు గది వేసుకోవచ్చు. నాలుగు మీటర్ల ఎత్తు దాటకపోతే మా అనుమతి అక్కర్లేదు. వాలు నేల అయితే, గదిని ఆనుకున్న నేలలో ఎక్కడ అన్నిటికంటే ఎత్తుంటే అక్కణ్ణుంచి కొలవాలి. హెఫిన్ గారి గది మూడు మీటర్ల తొంభై."

"పది సెంటీమీటర్లు మిగిలింది. బానే ఉందిగా?"

"అది ముందునుంచీ ఉన్న నేలైతే బానే ఉంది. పోసిన మట్టి లెక్కలోకి రాదు. రెండడుగుల మట్టి పోసి, దానిమీంచి కొలిచి మాకు కాగితం పెట్టి ఉంటే ఆ గది కూల్చాల్సిందే. కాని పోశారని ఎలా చూపించడం? గడ్డి మొలిచింది, పూలకుండీలు పెట్టారు. పాత ఫోటో ఒక్కటీ లేదు."

ఇద్దరూ పక్క మెట్ల మీంచి పైన హెఫిన్ పెరట్లోకి ఎక్కారు. కొత్త గది పై మూలకి ఆనుకుని పాత ఆపిల్ చెట్టు ఉంది. ఎమ్రిస్ దాని ముందు ఆగిపోయాడు.

ఆపిల్ చెట్టుకి మొదలు దగ్గర పాదం విప్పుకుని ఉంటుంది, వేళ్ళు నేలలోకి దిగేచోట. దీనికి లేదు. కరెంటు స్తంభం పాతినట్టు మాను తిన్నగా గడ్డిలోకి దిగిపోయింది. మొదటి కొమ్మ ఎమ్రిస్ ఛాతీ ఎత్తున ఉంది. పదకొండేళ్ళప్పుడు ఆ కొమ్మ అందాలంటే హెఫిన్ భుజాలెక్కాల్సి వచ్చేది. సరే, అప్పుడు పొట్టివాళ్ళు. కాని పాతికేళ్ళప్పుడు, హెఫిన్ పెళ్ళినాడు, అదే కొమ్మకి చేతులెత్తి దీపాల తీగ కట్టింది తను కాదూ?

రెండేళ్ళ క్రితం ఈ గది గృహప్రవేశానికి వచ్చి ఇదే చెట్టు కింద నిలబడ్డాడు. కొమ్మ ఛాతీకి తగిలింది. "ఒరేయ్, నీ చెట్టు నన్ను కొట్టిందిరా!" అని నవ్వాడు. డిటెక్టివు!

"పార ఉందా అమ్మాయ్?"

చెట్టు పక్కనే తవ్వాడు. అడుగు లోతున విరిగిన ఇటికముక్కలు, పెంకులు. రెండడుగుల దగ్గర గులాబీ రంగు బాత్రూము పలక ఒకటి. మూడడుగుల దగ్గర పార మెత్తగా దిగింది. నల్లటి పొర, కుళ్ళిన గడ్డి వాసన. ఆ పొర మీద ఆపిల్ మాను పాదం విప్పుకుని కూర్చుంది.

సియన్ టేపు జార్చింది. "తొంభై రెండు సెంటీమీటర్లు. గది అసలు ఎత్తు నాలుగు మీటర్ల ఎనభై రెండు."

"గోడ దగ్గర?"

"అక్కడ వాలు ఇంకా ఎక్కువ. మీటరున్నర మట్టి ఉంటుంది. తడిసిందంటే అది మట్టి కాదండీ. బురద చెరువు."

*

హెఫిన్ కొత్త గదిలోనే టీ పెట్టి కూర్చున్నాడు. పెద్ద మనిషి, పెద్ద చేతులు. ఊళ్ళో ఏ ముసలమ్మ కప్పు కారినా పిలవకుండానే నిచ్చెన వేసుకెళ్ళేవాడు. అతనిమీద ఈగ వాలనిచ్చేవాళ్ళు కాదు ఎవరూ.

"రారా ఎమ్రిస్. చక్కెర రెండేగా? పాపం, ముసల్ది. నాకు నిన్నట్నుంచి ముద్ద దిగట్లేదు."

"స్వాన్సీ ఎప్పుడెళ్ళావ్?"

"నిన్న మీ కానిస్టేబుల్ రాసుకున్నాడుగా. శుక్రవారం సాయంత్రం, మా అక్క దగ్గరికి. వచ్చింది సోమవారం రాత్రి పదింటికి."

"నీ పెరడు ఎప్పట్నుంచి ఈ ఎత్తులో ఉంది?"

"మా తాత నాటినుంచి."

"మీ తాత గులాబీ రంగు బాత్రూము పలకలు వేయించుకున్నాడా? రెండడుగుల లోతున దొరికింది."

హెఫిన్ చెంచా తిప్పడం ఆపాడు. "సరేలే. కాస్త చదును చేశా. కాళ్ళు పడిపోయిన మా అత్తగారి చక్రాల కుర్చీ తిరగాలి కదరా. మట్టి పోస్తే హత్యా?"

"ఫోమ్ కొట్టింది ఎవరు?"

"ఏ ఫోమ్?"

"గోడ కన్నాల్లోది. శనివారం వాన మొదలయ్యాక కొట్టింది."

"చెప్పానుగా, నేను ఊళ్ళో లేను. సోమవారం రాత్రి వచ్చి పడుకున్నా. పొద్దున్నే గోడ పడింది. చీకట్లో ఎవడో కొట్టుంటాడు. ముసల్దే కొట్టుకుందేమో, నామీద పెట్టడానికి! మట్టి నెస్టా కాదట్రా, నువ్వు పెట్టిన పేరేగా?"

ఆ మాటకి ఎమ్రిస్ కప్పు కింద పెట్టాడు. ఇప్పుడు తన దగ్గరున్న ముక్క ఒక్కటే. దాన్ని బయట పెడితే హెఫిన్ కథ కూలుతుంది. దానికింద తనూ పడతాడు.

"సోమవారం రాత్రి కాదు," అన్నాడు మెల్లగా. "సోమవారం సాయంత్రం నాలుగూ యాభైకే ఆ కన్నాలు మూసున్నాయి."

"నీకెవరు చెప్పారు?"

"నెస్టా అత్త. స్టేషన్‌కి ఫోన్ చేసింది. 'నిన్న హెఫిన్ కన్నాలన్నీ మూస్తుంటే కళ్ళారా చూశా, గోడ పొట్ట ముందుకొచ్చింది, ఒక్కసారి వచ్చి చూసిపో నాయనా' అంది."

"ఎవరితో?"

"నాతో."

హెఫిన్ చెంచా కింద పెట్టాడు. కిటికీ మీద వాన కొడుతోంది.

"నువ్వేమన్నావ్?" అన్నాడు హెఫిన్. ఆ గొంతులో ఎకసెక్కం లేదు.

"రేపు చూద్దాంలే అత్తా, టీ తాగి పడుకో అన్నాను."

హెఫిన్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి మాటలు వచ్చాయి. "స్వాన్సీ నుంచి ఆదివారం పొద్దున్నే వచ్చేశా. ఎర్రనీళ్ళు కారుతున్నాయి. ఆ కౌన్సిల్ పిల్ల వచ్చి చూస్తే పోసిన మట్టని ఇట్టే తెలిసిపోద్ది. ముసల్ది కూడా బురద, బురద అని ఒకటే గోల. బురద ఆపితే ఇద్దరికీ నోరు మూతపడుద్దనుకున్నా. మూడు రోజులేగా, తనిఖీ అయ్యాక పీకేద్దామని. నాకు గోడలు తెలీవా ఎమ్రిస్? ముప్పయ్యేళ్ళుగా కడుతున్నా. తెలిసే చేశా."

"అయ్యిందా?" అని వినిపించింది వెనకనించి.

ఇన్‌స్పెక్టర్ వాన్ గుమ్మంలో ఉన్నాడు. ఎంతసేపట్నుంచి ఉన్నాడో. "ప్రోథరో, ఇలా బయటికి రా."

*

వరండాలో నిలబడి వాన్ గొంతు తగ్గించాడు. "స్టేషన్ పుస్తకం తెప్పించి చూశా. సోమవారం నాలుగూ యాభై. 'మట్టి నెస్టా, మామూలే.' అంతే రాసుంది. ఏం చెప్పిందో లేదు. రాయలేదు కాబట్టి ఆవిడ చెప్పనట్టే."

"చెప్పింది సార్."

"ఆలోచించు. వీడు ఇప్పుడు ఏడుస్తున్నాడు. రేపు లాయరు రాగానే స్వాన్సీ కథకి తిరిగిపోతాడు. వాళ్ళక్క సోమవారం దాకా అక్కడే ఉన్నాడని ప్రమాణం చేస్తుంది. అప్పుడు మిగిలేది నీ మాటొక్కటే. నువ్వు బోనెక్కి ఏమని చెప్తావ్? పధ్నాలుగు గంటల ముందే నాకు తెలుసు, నేను నవ్వి ఫోన్ పెట్టేశానని చెప్తావా? పాతికేళ్ళ సర్వీసు. మీ ఊరు నీ మొహాన ఉమ్మేస్తుంది."

"ఉమ్మాలి."

"పిచ్చా నీకు? ప్రమాదం అని రాస్తే నీకూ మంచిది, మన డిపార్టుమెంటుకీ మంచిది. ఆ ముసలామెకి ఇక దేనివల్లా ఒరిగేది లేదు."

"ఆవిడ పిచ్చిదనే ఊరంతా అనుకుంటోంది సార్. అలా అనుకునేలా చేసింది నేను. ఆవిడ అన్నదంతా నిజమని రాయడానికి ఒక్క కాగితం కావాలి."

సియన్ దగ్గర అట్ట, కాగితం తీసుకుని వరండా గోడకి ఆన్చి రాశాడు. తేదీ, టైము, ఆవిడ అన్న మాటలు, తను అన్న మాటలు. సీసా సంగతి, మారుపేరు సంగతి కూడా. పన్నెండూ పదిహేనుకి సంతకం పెట్టాడు. "టీ తాగి పడుకో" అని రాసేటప్పుడు పెన్ను రెండుసార్లు ఆగింది.

వాన్ చదివాడు. చదివి, కాగితం మడిచి లోపలి జేబులో పెట్టాడు. "నువ్విప్పుడు సాక్షివి. కేసులో లేవు. నీ పోలీసు కార్డు ఇటు పెట్టు." కార్డు జేబులో వేసుకుని ఫోన్ తీశాడు. "పొక్లెయిన్ ఆపండి. ఒక్క రాయి కదిలినా ఊరుకోను."

కానిస్టేబుల్ హెఫిన్‌ని బయటికి నడిపించుకొచ్చాడు. హెఫిన్ ఎమ్రిస్ పక్కన ఆగాడు. అతని చూపు వాన్ జేబులోంచి తొంగిచూస్తున్న కార్డు మీద పడింది.

"నీ ఉద్యోగం పోయిందా?"

"పోతుంది. నడు."

హెఫిన్ నడవలేదు. "ఒరేయ్. ఇంకొకటుంది."

"ఏంటి?"

"కొండ మీద బెవన్ వాళ్ళ గది. అదీ నేనే కట్టా. అదీ ఇలాగే, మట్టి పోసి. దాని కింద గోడ కన్నాలు కూడా ఆదివారమే మూశా. ఒకటి చూస్తే రెండోది చూస్తారని. నిన్ననే పీకేద్దామనుకున్నా. నెస్టా పోయాక ఊరంతా పోలీసులు. పీకుతూ దొరికిపోతానని... నిన్నట్నుంచి నోరు రాలేదు రా."

బెవన్ వాళ్ళ గోడ కింద ఏముందో సియన్‌కి తెలీదు. ఎమ్రిస్‌కి తెలుసు. ఊరంతా ప్రార్థన చేసుకునే చాపెల్ వెనక హాలు. ఇవాళ బుధవారం, ముసలివాళ్ళ భోజనం. పన్నెండున్నరకి వడ్డన.

గడియారం పన్నెండూ ఇరవై ఆరు చూపిస్తోంది.

*

హాల్లో ఇరవై ముగ్గురున్నారు. గొర్రెమాంసం, ఉల్లికాడలు వేసిన కౌల్ పులుసు ఆవిరి కక్కుతోంది. ఎమ్రిస్ తలుపు తోసుకుని బురద కాళ్ళతో లోపలికి వచ్చేసరికి గరిటె పట్టుకున్న ఓల్వెన్ అత్త తలెత్తింది. నలభై ఏళ్ళుగా చాపెల్‌లో నెస్టా పక్కన కూర్చుని పాడిన మనిషి.

"అందరూ బయటికి రండి. ఇప్పుడే. వెనక గోడ పడేలా ఉంది."

ఎవరూ కదల్లేదు. ఓ మూల ఎవరో కిసుక్కున నవ్వారు.

"గోడ పడుద్దా?" అంది ఓల్వెన్ అత్త. "మా నెస్టా ఇదే మాట రెండేళ్ళు చెప్పింది. నువ్వేమన్నావ్? ఇవాళ నువ్వు చెప్తే మేం నమ్మాలా? నీ కార్డేదీ?"

"లేదత్తా. తీసేసుకున్నారు."

"ఎందుకు?"

"సోమవారం ఫోన్ చేస్తే నేను వెళ్ళలేదు. నేను వెళ్ళుంటే నెస్టా అత్త ఇవాళ ఇక్కడ పులుసు తాగుతుండేది." ఆ ఇరవై ముగ్గురి ముందు తల ఎత్తడం అతనివల్ల కాలేదు. "నన్ను నమ్మొద్దు. బయటికొచ్చి తిట్టండి, కొట్టండి. ముందు రండి."

ఓల్వెన్ అత్త అతన్ని ఓ క్షణం చూసింది. గరిటె పడేసింది. "లేవండే! వీడి మొహం చూడండి, వీడు అబద్ధం చెప్పట్లేదు. కర్రలూ కోట్లూ తర్వాత. లేవండి!"

ఒక్కొక్కరే బయటపడ్డారు. చేతి కర్రలవాళ్ళని సియన్ పట్టుకుని నడిపించింది. ఎమ్రిస్ గుమ్మం పక్కన నిలబడి లెక్కపెట్టాడు. పంతొమ్మిది. ఇరవై. ఇరవై ఒకటి. ఇరవై రెండు.

"ఇంకొకరేరీ?"

"ఓల్వెన్," అన్నారెవరో. "స్టవ్వు కట్టెయ్యడానికి మళ్ళీ లోపలికెళ్ళింది."

ఎమ్రిస్ వెనక్కి తిరిగాడు. వంటగది కిటికీలోంచి వెనక గోడ నల్లగా కనిపిస్తోంది. నాలుగు రోజులుగా వాన పడుతున్నా దాని కన్నాల్లోంచి ఒక్క చుక్క కారడం లేదు. గోడ పొట్ట ముందుకొచ్చింది. స్టవ్వు దగ్గర ఓల్వెన్ అత్త వంగి ఉంది.

అతను గుమ్మం దాటి రెండంగలు వేశాడో లేదో, గోడ కన్నంలోంచి ఒక పసుప్పచ్చటి ముద్ద ఊడి ఎగిరొచ్చి కిటికీ అద్దానికి కొట్టుకుంది. దాని వెనకే ఎర్రటి నీళ్ళు మనిషి చెయ్యంత లావున తన్నుకొచ్చాయి.